మడుగులో ముసలిది

ఆ ఆదివారం పొద్దున రామ్‌రావు వేసుకున్న పథకంలో ఎవరికీ హాని లేదు. వెలుగు రాకముందే ఇల్లు కదలాలి, మాంజ్రా నది ఒడ్డున కాసేపు కూర్చోవాలి, భోజనం వేళకు తిరిగొచ్చి అత్తగారికి అన్నం పెట్టి తాను తినాలి. అంతే.

అత్తగారి భోజనం ఆయన మీద పడడానికి కారణం ఉంది. భార్య శాంతాబాయి ముందురోజే చిట్గుప్పలో తమ్ముడు శివానంద్ ఇంటికి వెళ్ళింది. శివానంద్ కూతురు సప్నకు ఆ రోజు పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. అత్తగారు గుండమ్మ మాత్రం కన్నకొడుకు ఇంటికి రానని మొండికేసింది. బిడ్డ పుట్టిన కొత్తలో శివానంద్ తన కిరాణా దుకాణం బోర్డు మార్చి, తండ్రి కాశప్ప పేరున్న చోట బిడ్డ పేరు రాయించాడు. "నా మొగని పేరు దించిన ఇంట్ల నేను నీళ్ళు ముట్ట" అని గుండమ్మ ఆ సాయంత్రమే సంచి సర్దుకొని బీదర్‌లో కూతురింటికి వచ్చేసింది. అప్పటి నుంచి తల్లీకొడుకుల మధ్య మాట లేదు.

వెళ్తూ వెళ్తూ శాంతాబాయి మొగుడికి గట్టిగా చెప్పింది. "అమ్మను విడిచి యాడికి పోకున్రి. ఈ చలికి దగ్గుతుంది. ఒక్క వారం దర్శనానికి పోకుంటే దేవుడేమీ అనుకోడు."

దర్శనం సంగతి ఏమిటంటే, ప్రతి ఆదివారం రామ్‌రావు నరసింహ ఝరణీకి పోతాడని ఇంటిల్లిపాదీ నమ్మకం. అక్కడ గుహలో ఛాతీలోతు నీళ్ళలో నడిచి వెళ్ళి స్వామిని చూడాలి. కాబట్టి మనిషి తడిసి ఇంటికి వచ్చినా, బట్టలు నాచు వాసన కొట్టినా ఎవరూ అడగరు. పైగా శాంతాబాయి బంధువులందరికీ మొగుడి భక్తి గురించి గొప్పగా చెప్పుకునేది. బజారులో తోటి బట్టల వ్యాపారులు కూడా ఆయనను చూస్తే కాస్త వంగి నమస్కారం పెట్టేవారు.

నిజానికి మూడేళ్ళుగా రామ్‌రావు పోతున్నది చేపలు పట్టడానికి.

ఆయన చేప తినడు. వాళ్ళ ఇంట్లో గుడ్డు కూడా గడప దాటి లోపలికి వచ్చిన చరిత్ర లేదు. గాలానికి జొన్నపిండి ముద్దో ఇడ్లీ ముక్కో గుచ్చుతాడు, చేప పడితే చేతుల్లోకి తీసుకొని తృప్తిగా చూస్తాడు, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాడు. ఈ విద్య నేర్పినవాడు చిన్ననాటి స్నేహితుడు సంసోను. బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. సంసోను పట్టినవి నేరుగా అతని భార్య తబితా పెనం మీదికి పోతాయి. ఒకరు పట్టింది ఎటు పోతుందో రెండోవారు అడగకూడదని ఇద్దరి మధ్య ఒప్పందం. రోజంతా దుకాణంలో చీరల మడతలు విప్పి చూపిస్తూ, మాట్లాడి మాట్లాడి, ఇంటికొచ్చాక శాంతాబాయి చెప్పేవన్నీ వినే రామ్‌రావుకు, వారానికి ఒకపూట ఎవరూ ఏమీ అనని చోట కూర్చోవడం ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆ పొద్దున ఆయన చెప్పులు వేసుకోవాలా వద్దా అని తలుపు దగ్గర తటపటాయిస్తుంటే గుండమ్మే బయటికి వచ్చింది.

"ఏంది అల్లుడూ, ఇంక పోలే?"

"శాంత వద్దన్నది గద అత్తమ్మా. నువ్వు ఒక్కదానివే..."

"నాకేమైతది? నేనేం చంటిపిల్లనా? పో పో, దేవునికి ఆలస్యమైతది. తాళం చెవి ఒకటి నాకిడిసి పో. జల్దీ రావాల్సిన అవసరం బిల్కుల్ లేదు, నిదానంగ మొక్కుకొని రా."

అత్తగారు ఇంత ఉదారంగా ఎప్పుడూ మాట్లాడలేదు. రామ్‌రావు ఆ సంతోషంలో దాని గురించి ఆలోచించకుండా స్కూటర్ తీశాడు.

మాఘం చివరికి వచ్చింది. వానాకాలంలో ఎర్రగా ఉరికే మాంజ్రా ఇప్పుడు చాలా చోట్ల మోకాలి లోతుకు తగ్గి, ఇసుక మేటల మధ్య నుంచి నిదానంగా సాగుతోంది. జన్వాడ రోడ్డు దాటాక నది మలుపు తిరిగే దగ్గర మాత్రం ఒక మడుగు ఉంది. ఈ రోజుల్లో చేపలు పట్టడం అంత తేలిక కాదు. నీళ్ళు అద్దంలా తేటపడి ఉంటాయి, ఒడ్డున మనిషి కదిలితే చేపకు నీడ తెలిసిపోతుంది. రాత్రి చలికి పెద్ద చేపలు మడుగు అడుగున పొట్ట ఆనించి పడుకుంటాయి. మేత ముందు పెట్టినా నోరు తెరవవు. ఎండ బాగా ఎక్కి పైనీళ్ళు వెచ్చబడితే, గాలి ఉత్తరం నుంచి కొట్టకపోతే, అప్పుడు మెల్లగా పైకి వస్తాయి. వస్తాయన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

ఆ మడుగులో ఒక ముసలి బొచ్చె చేప ఉంది. మూతి కుడిపక్క చీలిక, వీపు మీద నల్లని మచ్చ. కిందటి చలికాలం ఒక్కసారి రామ్‌రావు గాలానికి పడింది. చేతుల్లో ఎత్తితే పసిబిడ్డంత బరువు. వదిలేసినప్పటి నుంచి దాని ధ్యాస ఆయనను వదల్లేదు. సంసోనూ ఆయనా దాన్ని ముసలిది అని పిలుచుకుంటారు.

స్కూటర్ దిబ్బ మీద ఆపేసరికి సంసోను నుంచి సందేశం వచ్చి ఉంది. 'చర్చిల ప్రార్థన అయినంక వస్త. ముసలిది లేస్తదంటే గాలం తెస్త. లేకుంటె ఇంట్ల పండుకుంట. ఎట్లుందో చెప్పు.'

రామ్‌రావు కిందికి దిగి, ఇడ్లీ ముక్క వేసి, చాలాసేపు నీళ్ళను చూసి, మళ్ళీ దిబ్బ ఎక్కాడు. ఫోన్ ఆ దిబ్బ మీదే పనిచేస్తుంది, కింద మడుగు దగ్గర పలకదు. కళ్ళజోడు జేబులో ఉంది, చేతులకు పిండి అంటుకొని ఉంది. అందరికన్నా పైన సంసోను పేరు ఉండాలి కదా అని అక్కడ నొక్కి, గొంతు రికార్డు చేసి పంపాడు. సరిగ్గా అంతకుముందు నిమిషంలోనే శాంతాబాయి, పాపకు పూలజడ వేసిన ఫోటోను కుటుంబం గ్రూపులో పెట్టింది. దాంతో సంసోను కిందికి జరిగాడు, కుటుంబమంతా పైకి వచ్చింది.

రామ్‌రావు పంపిన మాటలు ఇవి:

"అన్నా, ముసలిది ఇంక బతికే ఉంది గాని కథ బాగ లేదు. రాత్రి చలికి అడుగుకు వడ్డది. కదుల్తలేదు, మెదుల్తలేదు. పొద్దుగాల్నుంచి ఇడ్లీ పెట్టిన, పిండి పెట్టిన, మూతి తిప్పుకుంటుంది తప్ప ముడ్తలేదు. ఎండ ఎక్కితే ఏమన్న లేస్తదేమో. లేవకుంటె ఇగ ఈ ఏడు ఆశ ఇడిసిపెట్టుడే. నువ్వు జల్దీ వస్తే ఇద్దరం కల్సి ఒడ్డుకు గుంజుదం. శాంతకు మాత్రం ఎట్టి పరిస్థితిల చెప్పకు."

తెలుగులో ఆడమనిషికీ చేపకూ ఒకటే క్రియ సరిపోతుందన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టలేదు. ఫోన్ జేబులో వేసుకొని మడుగు దగ్గరికి దిగిపోయాడు.

మళ్ళీ దిబ్బ ఎక్కింది చాలాసేపటికి, సంసోను జవాబు చూద్దామని. ఫోన్ తీయగానే అది చేతిలో వణకడం మొదలుపెట్టి చాలాసేపు ఆగలేదు. శాంతాబాయి, శివానంద్, శివానంద్ భార్య సీమ, మళ్ళీ శాంతాబాయి. కళ్ళజోడు పెట్టుకొని గ్రూపు తెరిచాడు. తన గొంతు కింద సీమ పంపిన ఏడుపు బొమ్మలు. వాటి కింద ఎవరో దూరపు బంధువు గుండమ్మ ఫోటోకు దీపం అతికించి 'ఓం శాంతి' అని పెట్టారు. దాని కింద అందరి చేతులూ జోడించి ఉన్నాయి.

రామ్‌రావు తన మాటలను తానే మరొకసారి విన్నాడు. మొదటి వాక్యానికే ఆ దీపం ఎందుకో అర్థమైంది. చివరి వాక్యానికి ఇసుకలో కూర్చుండిపోయాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. శాంతాబాయి.

"మా అమ్మ ఉన్నదా?" గొంతు పూర్తిగా ఏడుపులో తడిసి ఉంది.

"ఉంది శాంతా. బ్రహ్మాండంగ ఉంది. అది..."

"ఫోనియ్యున్రి అమ్మకు!"

"ఇప్పుడు నా దగ్గర లేదు. ఇంట్ల ఉంది."

"మరి మీరు యాడున్నరు?"

మూడేళ్ళ అలవాటు నోటి చివర నిలబడి ఉంది. "ఝరణీల" అన్నాడు.

ఈసారి గొంతులో ఏడుపు లేదు. "మా అమ్మను ఆ స్థితిల ఒక్కదాన్ని ఇంట్ల పండబెట్టి, నువ్వు దేవుని దగ్గరికి పోయినవా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆయనను 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

రామ్‌రావు స్కూటర్ ఎంత వేగంగా నడపగలడో ఆ రోజే తెలిసింది. ఇంటికి చేరి అత్తమ్మను గుమ్మంలో నిలబెడితే చాలు, మిగతాది ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. దారి పొడుగునా ఆ ఏదో ఒకటి కోసమే వెతుక్కున్నాడు. ఇంటి ముందు పక్కింటి మహానందతో సహా వీధిలో సగం మంది నిలబడి ఉన్నారు. తలుపుకు తాళం.

"తాళమేసి పోయినవ్, ఎంత కొట్టినా లోపల్నుంచి పలుకుత లేదు రామన్నా" అన్నది మహానంద కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. "మొన్న రాత్రి దగ్గు ఇన్నప్పుడే నాకు అనుమానమొచ్చింది."

తన దగ్గరున్న చెవితో తాళం తీశాడు. వంటింట్లో లేదు, పెరట్లో లేదు. ఆమె పక్క నీటుగా చుట్టి పెట్టి ఉంది. చెప్పులు లేవు. దేవుని గదిలో నుంచి ఫోన్ మోత వినిపిస్తే పరుగెత్తాడు. గుండమ్మ ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి ఉంది, పిలుస్తున్నది కూతురు.

అప్పటిదాకా రామ్‌రావుకు తన పరువు గురించే భయం. ఆ ఖాళీ గదిలో ఆ ఫోన్ ఒంటరిగా మోగుతుంటే మొదటిసారి అసలు భయం పట్టుకుంది. దగ్గుతో ఉన్న ముసలామె, చలిలో, ఫోన్ లేకుండా, ఎక్కడికి పోయింది? రోజూ రాత్రి ఆయన దుకాణం కట్టేసి వచ్చేదాకా అన్నం తినకుండా కూర్చునే మనిషి. ఆయన గట్టిగా తుమ్మితే మిరియాల కషాయం కాచే మనిషి. "అత్తమ్మా" అని ఖాళీ ఇంట్లో పిచ్చివాడిలా రెండుసార్లు పిలిచాడు.

బయట క్రూజర్ బండి ఆగింది. మొదట శివానంద్ దూకాడు. కాళ్ళకు చెప్పులు లేవు. వెనక శాంతాబాయి, ఆమె వెనక సీమ. సీమ చంకలో సప్న. మంగలి పని సగంలో ఉండగా సందేశం విన్నారు కాబట్టి పాప తలకు ఎడమవైపు నున్నగా, కుడివైపు పూలజడతో సహా జుట్టు ఉంది. అంతమంది జనాన్ని చూసి పాప మాత్రం నవ్వుతోంది.

"అమ్మ యాడ?" అన్నాడు శివానంద్.

"తెల్వదు శివా."

"తెల్వదా? ఏ దవాఖానల పెట్టినవ్ బావా? నిజం చెప్పు. ఇంక ఉందా?"

రామ్‌రావు గోడకు ఆనుకున్నాడు. ఇక అబద్ధం ఆడే ఓపిక లేదు. "నేను చెప్పింది అత్తమ్మ గురించి కాదు. చేప గురించి."

మహానంద నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసింది.

"ఏ చేప?" అన్నది శాంతాబాయి.

"మాంజ్రాల. ముసలి బొచ్చె. నేను ఆదివారం ఆదివారం ఝరణీకి పోత లేను. గాలం వేయనీకి పోతున్న."

ఆ మాట ఒక్కరు కూడా నమ్మలేదు. కోమటింట్లో పుట్టి, ఉల్లిగడ్డ లేని కూర కూడా ఇంట్లో వండిందైతేనే తినే మనిషి గాలం వేస్తాడంటే ఎవరు నమ్ముతారు? మహానంద అయితే "పాపం, మనసు చెదిరింది" అని గట్టిగానే అన్నది. శివానంద్ ముఖం ఎర్రబడింది. "మా అమ్మను ముసలిది ముసలిది అని, ఇప్పుడు చేప అంటున్నవా బావా?"

అప్పుడే ఖటక్ చించోళి నుంచి దేవప్ప మామ టెంపో వచ్చి ఆగింది. ఆయన గుండమ్మ తమ్ముడు, ఏ పనికైనా ముందు నిలబడే మనిషి. ఏడవడానికి తర్వాత కూడా వీలవుతుంది, సామాను ముందు చూడాలి అనుకొని, టెంపో వెనక వెదురు బొంగులు, గడ్డిమోపు, కొత్త కుండ వేసుకొని వచ్చాడు. విషయం విని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని సందేశం ఇంకోసారి ఆసాంతం విన్నాడు.

"అడుగుకు వడ్డది అంటుండు. ఒడ్డుకు గుంజుదం అంటుండు." ఆయన ఫోన్ దించాడు. "శివా, అక్క నదిల వడ్డట్టుంది రా."

శాంతాబాయి వాకిట్లోనే కూలబడింది. ఆ తర్వాత ఎవరూ రామ్‌రావు మాట వినలేదు. క్రూజర్‌లో శివానంద్ పక్కన ఆయనను కూర్చోబెట్టి, "తోవ చూపియ్" అన్నారు. వెనక వెదురు బొంగులతో టెంపో, దాని వెనక వీధిలోని రెండు మోటారు సైకిళ్ళు. జన్వాడ రోడ్డులో ఎదురొచ్చిన వాళ్ళు పక్కకు తప్పుకొని టెంపోకు దండం పెట్టారు.

మడుగు దగ్గర ఎవరూ లేరు. ఒడ్డున రామ్‌రావు వదిలేసి పోయిన గాలం కర్ర, ఇడ్లీ డబ్బా మాత్రం ఉన్నాయి. శివానంద్ చొక్కాతోనే నడుం లోతు నీళ్ళలోకి దిగి, చేతులతో నీళ్ళను అటూ ఇటూ నెడుతూ "అమ్మా, అమ్మా" అంటున్నాడు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో రామ్‌రావుకు తెలుసు. ఆయనా దిగి బామ్మర్దిని పట్టుకున్నాడు.

"పేరు మారిస్తే ఏమైతదనుకున్న బావా" అన్నాడు శివానంద్, పళ్ళు కొట్టుకుంటుంటే. "రోజు అనుకుంట, వచ్చి తీసుకపోవాలె అని. రేపు పోదం, ఎల్లుండి పోదం అనుకుంటనే ఏడాది చేసిన."

రామ్‌రావు అతని భుజాలు రుద్దుతూ నిలబడ్డాడు.

ఆ సమయంలో దిబ్బ మీద నుంచి ఒక గొంతు ఉత్సాహంగా వినిపించింది. "సేటూ! ముసలిది లేచిందా లేదా? నీ జవాబు రాకపోతే నేనే వచ్చిన!"

అందరూ తల ఎత్తారు. చర్చి నుంచి నేరుగా వచ్చిన సంసోను, తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, భుజాన గాలం కర్రతో నిలబడి ఉన్నాడు. కింద ఆడవాళ్ళు, పసిపాప, నీళ్ళలో ఇద్దరు మగవాళ్ళు, పైన వెదురు బొంగుల టెంపో చూసి అతను గాలం కర్రను మెల్లగా కిందికి దించాడు.

"ఎవరి గురించి అడుగుతున్నవ్?" అన్నది శాంతాబాయి నెమ్మదిగా.

సంసోను రామ్‌రావు వైపు చూశాడు. రామ్‌రావు తల ఊపాడు. "చేప వదినా" అన్నాడు సంసోను బిక్కముఖం వేసుకొని. "బొచ్చె. మూతి చీలింది ఒకటుంది. సేటు కిందటేడు సంది దానెంట వడ్డడు. ఒకసారి పట్టి మళ్ళ వదిలిపెట్టిండు గూడ. నేనైతే వదిలేటోణ్ణి కాదు."

అయినా శాంతాబాయికి నమ్మకం కుదరలేదు. "అయితే యాడుంది? చూపియున్రి."

"ఇంత లొల్లిల రాదు" అన్నాడు రామ్‌రావు. "ఎండ ఎక్కింది, గాలి ఆగింది, వస్తే ఇప్పుడే రావాలె. కొద్దిసేపు అందరు కూసోన్రి. ఎవ్వరు మాట్లాడొద్దు. నీళ్ళ మీద నీడ పడొద్దు."

ఆ గొంతులో ఏదో ఉంది, అందరూ కూర్చున్నారు. తడిసిన శివానంద్ మీద సీమ తన శాలువా కప్పింది. రామ్‌రావు డబ్బాలో మిగిలిన ఇడ్లీ చిదిమి మడుగులో వేశాడు. నీళ్ళు నిమ్మళించాయి. అడుగున ఆకుపచ్చని చీకటి, పైన ఎండ పొర. శాంతాబాయి నీళ్ళ వైపు చూడలేదు, మొగుడి ముఖం వైపు చూసింది. ఇంట్లో ఎప్పుడూ సగం మడత పడ్డట్టుండే ఆ ముఖం ఇక్కడ విప్పి పరిచినట్టు ఉంది. ఆమెకు ఆ ముఖం కొత్త.

తర్వాత తల తిప్పిన ఆమే మొదట చూసింది. "అగో" అన్నది గుసగుసగా.

అడుగు నుంచి పొడుగాటి నీడ ఒకటి లేచింది. తొందర లేకుండా, మెట్లెక్కే పెద్దావిడలా పైకి వచ్చి, చీలిన మూతి తెరిచి, ఇడ్లీ ముక్కను లోపలికి తీసుకుంది. ఒక్క క్షణం వీపు మీది మచ్చ ఎండలో మెరిసింది. ఇంకో ముక్క తీసుకొని, అంతే నిదానంగా కిందికి పోయింది.

"ఇదా?" అన్నాడు శివానంద్.

"ఇదే."

శాంతాబాయి పెద్ద ఊపిరి వదిలింది. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే ముఖం మళ్ళీ మారిపోయింది. "మరి మా అమ్మేది?"

కిందికి దిగలేక దిబ్బ మీదే నిలబడిన దేవప్ప మామ జేబులో ఫోన్ మోగింది. ఆయన ఎత్తి "ఎవరు?" అన్నాడు. అటు నుంచి ఏదో విన్నాడు. వెంటనే ఆ ఫోన్‌ను పామును విసిరినట్టు దూరంగా ఇసుకలోకి విసిరేశాడు.

"అక్క!" అన్నాడు. "అక్కనే మాట్లాడుతుంది!"

శివానంద్ దిబ్బ మీదికి ఎలా చేరాడో అతనికే తెలియదు. ఇసుక దులిపి ఫోన్ గట్టిగా వినిపించేలా పెట్టాడు.

"హలో! ఎందుకు విసిరినవ్ రా దేవప్పా?" గుండమ్మ గొంతు ఖంగుమంది. "పక్క దుకాణమాయన ఫోన్‌తోని చేస్తే అందరి ఫోన్లు బిజీనాయె. నీది ఒక్కటి కలిసింది. నేను సచ్చిపోయిన్నట గద?"

"అమ్మా" అన్నాడు శివానంద్. ఆ తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాడు.

"శివానా?" గొంతు మెత్తబడింది. "ఏడ్వకు రా. నేను చిట్గుప్పల ఉన్న. నీ దుకాణం ముంగట అరుగు మీద కూసున్న. అల్లుడు అట్ల పోంగనే నేను ఇట్ల మొదటి బస్సెక్కిన. పిల్లకు పుట్టెంట్రుకలు తీస్తుంటే నాయనమ్మ ఒళ్ళె కూసోబెట్టుకోకుంటె ఎట్ల? ఎవ్వరికి చెప్పకుండ వచ్చి చూసి పోదమనుకున్న. వచ్చేసరికి ఇల్లు తాళం. బట్టలు కుట్టే తుకారాం నన్ను చూసి కత్తెర కింద పారేసి లోపటికి ఉరికిండు. 'శివానంద్ వాళ్ళమ్మ పోయింది, అందరు బీదర్ పోయిన్రు' అంటడు. 'ఏ అమ్మ రా' అంటే 'నువ్వే' అంటడు."

దిబ్బ మీద ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

"చెప్పుల్లేకుండ ఉరికినవట గద?" అన్నది గుండమ్మ. "తుకారాం చెప్పిండు. ఈ చలిల. బుద్ధి లేదా?"

"లేదమ్మా" అన్నాడు శివానంద్.

"బోర్డు చూసిన. ఈడ కూసొని చాలాసేపాయె, ఇంకేం చూడాలె? పిల్ల పేరు కింద చిన్నగ 'కాశప్ప మనవరాలి దుకాణం' అని రాయించినవ్. చెప్పలేదేంది?"

"నువ్వు చూస్తవని రాయించిన. నువ్వు రానేలేదు."

గుండమ్మ ముక్కు చీదిన చప్పుడు అందరికీ వినిపించింది. "మీ నాయిన పేరు అక్షరాలు ఇంకొంచెం పెద్దగ రాయించాలె" అన్నది. "సరే, పిల్లకు సగం గుండు ఉంచొద్దు. జల్దీ రాండ్రి. మంగలాయనను నేను ఇక్కడ్నే కూసోబెట్టిన."

అంతా క్రూజర్ వైపు కదిలారు. దేవప్ప మామ వెదురు బొంగులను వెనక్కి తీసుకుపోవడం మంచిది కాదని, చిట్గుప్పలో చిక్కుడు పందిరికి పనికొస్తాయని, వాటిని కూడా వెంట తీసుకెళ్ళాడు. సంసోను ఇప్పుడు గాలం వేయాలా వద్దా అని ఎవరినీ అడగలేక, తన కర్ర తాను సర్దుకొని తబితా దగ్గరికి వెళ్ళిపోయాడు.

రామ్‌రావు స్కూటర్ తన ఇంటి దగ్గరే ఉండిపోయింది. కాబట్టి క్రూజర్ చివరి సీటులో భార్య పక్కన కూర్చోక తప్పలేదు. హుమ్నాబాద్ దాకా ఆమె కిటికీలో నుంచి కంది చేలు చూస్తూ ఉంది.

"మూడేండ్లా?" అన్నది చివరికి.

"మూడేండ్లు."

"నేను ఊరంత చెప్పుకున్న, మా ఆయన ప్రతివారం నీళ్ళల్ల నడిచి దేవుణ్ణి చూస్తడని."

"నీళ్ళల్ల అయితే నడిచిన" అన్నాడు రామ్‌రావు చిన్నగా.

ఆమె పెదవులు కదిలాయి గానీ నవ్వు బయటికి రానివ్వలేదు. "అక్కడ ఏం జేస్తరు అంతసేపు?"

"ఊకె కూసుంట."

"ఒక్కరే?"

"సంసోను ఉంటడు గాని మాట్లాడడు."

కొంచెం దూరం పోయాక ఆమె అడిగింది. "నన్నెందుకు తీసుకపోలే ఒక్కసారి గూడ?"

రామ్‌రావు నిజమే చెబుదామని అప్పటికే నిర్ణయించుకొని ఉన్నాడు. "నువ్వు మాట్లాడుతవ్. చేపలు బెదురుతయ్."

శాంతాబాయి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. చిట్గుప్ప దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అలిగిందనుకొని రామ్‌రావు భయపడ్డాడు. కానీ బండి దిగేటప్పుడు ఆయన తడిసిన మోచేతిని తన కొంగుతో తుడిచి, "చూసిన్రా? మాట్లాడకుండ ఉండగల్గుత" అన్నది.

సప్న తలకు రెండో సగం గుండమ్మ ఒళ్ళో పూర్తయింది. పాప ఏడవలేదు, నాయనమ్మే ఏడ్చింది. ఆ రాత్రి ఆమె కొడుకింట్లోనే ఉండిపోయింది. కాకపోతే పడుకునే ముందు, బీదర్ చేరిన అల్లుణ్ణి కొడుకు ఫోన్లో పిలిచి, ఆ చేపకు ఇడ్లీ కన్నా జొన్నరొట్టె నానబెట్టి వేస్తే బాగుంటుందేమో చూడమని చెప్పింది.

తర్వాతి ఆదివారం శాంతాబాయి టిఫిన్ డబ్బా సర్దుకొని మొగుడితో పాటు మాంజ్రాకు వచ్చింది. నీడ పడకుండా వెనక్కి జరిగి, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకొని కూర్చుంది. దగ్గు వస్తే కూడా ఆపుకుంది. రామ్‌రావు గాలం వేసి నిశ్శబ్దాన్ని ఆస్వాదించబోయాడు. కాసేపటికి పక్కన అంత నిశ్శబ్దంగా ఆమె ఉండడం ఆయనకు తోచకుండా చేసింది. మెల్లగా నీళ్ళ గురించి ఒక మాట చెప్పాడు. ఆమె తల ఊపింది. గాలి గురించి చెప్పాడు, ముసలిది కిందటేడు పడ్డ సంగతి చెప్పాడు, దాని బరువు చేతులతో చూపించాడు. చిన్నప్పుడు తాను బావిలో పడిన సంగతి, దుకాణం తొలిరోజు పడిన భయం, ఇన్నేళ్ళలో ఎవరితోనూ అననివి కూడా చెప్పాడు. ఆమె ఒక్కమాట కూడా అడ్డం రాకుండా, గడ్డం మోకాలికి ఆనించి వింటూ కూర్చుంది.

కాస్త ఎగువన గాలం వేసుకున్న సంసోను ఇంటికి వెళ్ళి తబితాకు చెప్పిన ప్రకారం, ఆ రోజు నీళ్ళు బాగున్నాయి, ఎండ బాగుంది, గాలి లేనే లేదు. ఒడ్డున ఎవరో మగమనిషి ఆగకుండా మాట్లాడడం వల్ల ఒక్క చేప కూడా రాలేదు.